పాపయ్య ముఖం ఎటువైపు?

పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో మిషనరీల ఇంట పుట్టాడు. విమానాలు దిగే శంషాబాదు కాదు, ఎడ్లబండ్ల నాటిది. పాలమూరు జిల్లా కొండూరు గ్రామం మీద 1971లో పుస్తకం వేశాడు. 1978లో ఒక వ్యాసంలో పాపయ్య అనే రైతును మన ముందు నిలబెట్టి చిక్కు ప్రశ్న అడిగాడు. చదువురాని మనిషి, పొలం పని చేసుకుని వస్తూ ఒక్కసారి సువార్త విన్నాడు. వాడు క్రైస్తవుడు కాగలడా? గీత గీసి లోపలున్నాడా బయటున్నాడా అని చూడొద్దన్నాడు హీబర్ట్. నడిమధ్యన క్రీస్తున్నాడు, పాపయ్య ముఖం అటు తిరిగిందా అన్నదే చూడమన్నాడు.

నేను ఈ నేల మీదే పాస్టర్ని. ఇంత నష్టదాయకమైన సిద్ధాంతం నేనెక్కడా చూడలేదు. ముఖాలు చూస్తూ కూర్చుంటే సభ్యత్వ చందా ఎవరు వసూలు చేస్తారు?

మాకు గీతే ప్రాణం. చందా బాకీ ఉంటే సంఘ ఎన్నికల్లో ఓటు లేదు. బాకీతోనే కన్నుమూస్తే సమాధుల తోటలో ఆరడుగుల జాగాకు కమిటీ కూర్చోవాలి. మొన్నటి ఎన్నికల్లో రెండు ప్యానెళ్ల వాళ్లూ దేవుని చిత్తం కోసం మూడు రోజులు ఉపవాసమున్నారు. ఓటర్లకు మాత్రం బిర్యానీ పెట్టారు. గెలిచినవాళ్లు స్తోత్రం చెప్పారు, ఓడినవాళ్లు కోర్టుకెళ్లారు. ఆ వకీలు మా సంఘస్థుడు కాదు గానీ, మా కానుకల సంచి బరువు ఆయనకు తెలిసినంతగా మాకెవరికీ తెలియదు.

అలాగని మాకు కేంద్రం లేదనుకోకండి. అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చి 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టాడు. పాలమూరు మిషను అమెరికా బాప్టిస్టుల చేతుల్లోంచి 1937లో మెన్నొనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది. జడ్చర్లలో ఆస్పత్రి వెలిసింది. నాటి మిషనరీలు ఊరి చివర బీడు చూసి బడి ఎక్కడ కడదామా అనుకునేవాళ్లు. ఆ బీడు ఇప్పుడు రోడ్డు ముఖం జాగా. మేం షట్టర్లు ఎన్ని పడతాయో లెక్కేస్తాం. దీన్ని మా భాషలో ఆత్మీయ ఎదుగుదల అంటారు. హీబర్టు చెప్పినట్టే మా ముఖాలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఫలానా సంఘం అని నేను అనను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లు ఎలాగూ ఉంటారు.

ఎదుగుదలకు ఇంకో కొలత పేరు ముందుండే అక్షరాలు. బ్రదర్ పాస్టరవుతాడు, పాస్టర్ రెవరెండవుతాడు, ఆపైన డాక్టర్, ఆపైన బిషప్. డాక్టరేటు హోటల్ హాల్లో ఇస్తారు. గౌను అద్దెది, పటం కట్టిన పట్టా మాత్రం సొంతం. నాకూ ఫోనొచ్చింది. పాస్టర్లకు రాయితీ ఉందట. నేనింకా వద్దనలేదు.

గీతలు గీయడంలో సర్కారూ తక్కువ తినలేదు. 1950 నాటి ఉత్తర్వులో షెడ్యూల్డ్ కులాల వరుస హిందువులతో మొదలై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు జరిగి అక్కడే ఆగింది. మాలమాదిగ వాడల్లోంచి వచ్చినవాడు కాగితం మీద క్రైస్తవుడని రాస్తే ఎస్సీ కాస్తా బీసీ-సి అవుతాడు. ఊరి బావి దగ్గర మాత్రం నిన్నటి కులమే. ఈ సంగతి మీద కూటాల్లో నేను రెండు గంటలు గర్జించగలను. సంఘపు పెళ్లిళ్లలో మాలకు మాలనే, మాదిగకు మాదిగనే వెతికిపెట్టేటప్పుడు మాత్రం గొంతు కాస్త బొంగురుపోతుంది.

ఇప్పటి పాపయ్య పొలంలో లేడు, పుణెలో అపార్ట్‌మెంటు పునాదిలో ఉన్నాడు. దశమభాగం ఫోన్‌పేలో పంపుతాడు. మేస్త్రీ కూలి ఆపిన నెల కూడా అది ఆగలేదు.

క్రిస్మస్‌కు వచ్చాడు. రాత్రంతా బస్సులో నిలబడి, తెల్లారేసరికి గుడి మెట్లెక్కి ముందు వరసలో కూర్చున్నాడు. అది ఎమ్మెల్యేగారి కుర్చీ అని వలంటీరు లేపి వెనక్కి పంపాడు. చెప్పులు విప్పిన చోటే నిలబడి, కాసేపు బలిపీఠం వైపు చూసి నన్ను పిలిచాడు.

"అయ్యగారూ, సిలువ యాడున్నది?"

"ఫ్లెక్సీ యెన్క ఉన్నది పాపయ్యా. పండుగైనంక తీపిస్త."

ఆ ఫ్లెక్సీ మీద నిలువెత్తున నేనే ఉన్నాను, చేతులు చాపి. పాపయ్య తువాలు తీసి నడుముకు కట్టుకుని, అటే చూస్తూ మోకరించాడు.