రెండు టీలు, రెండు ఎస్సులు

రైలు యాప్‌లో వారమంటే ఏడక్షరాలు: ఎం, టి, డబ్ల్యూ, టి, ఎఫ్, ఎస్, ఎస్. బండి ఉన్న రోజు ముదురు రంగు, లేని రోజు లేత రంగు. మా పావగడ ఎండలో ఫోను పట్టుకుని చూడండి, అన్నీ ఒకటే రంగు! టీలలో మంగళవారం ఏదో గురువారం ఏదో వేళ్లు మడిచి తేల్చుకోవచ్చు. నాకు పడనిది ఆ ఎస్సుల జంట. మాది శనీశ్వరుడి ఊరు. శనివారం వస్తే ఆంధ్ర నుంచీ కర్ణాటక నుంచీ జనం గుడికి పోటెత్తుతారు. అలాంటి ఊళ్లో కూర్చుని ఏ ఎస్ శనిదో, ఏది వాళ్ల నాన్నదో తెలియక కొట్టుకుంటున్నాం. నాన్నగారూ ఇక్కడే ఉన్నారు లెండి. తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కులో డ్యూటీ.

"బావా, శనివారం పొద్దున హిందూపురంలో దిగాల. ఏ బండి ఎక్కాల?" అని మా బావమరిది ఫోను. పావగడకు రైలు లేదు కాబట్టి మాకు రైలంటే హిందూపురమో పెనుకొండో. చూస్తే ఎఫ్ వెలుగుతోంది. అది బండి బయల్దేరే శుక్రవారమా, మన దగ్గరికి వచ్చే శుక్రవారమా? బయల్దేరేదే. ఎక్కడో ఢిల్లీలో బయల్దేరిన బండికి హిందూపురం వచ్చేసరికి వారం మారిపోదూ? అర్ధరాత్రి దాటిన పది నిమిషాలకు వచ్చేది మరీ దారుణం. మా అమ్మ లెక్కలో సూర్యోదయమైతేగాని వారం మారదు, పంచాంగానిదీ అదే లెక్క. రైల్వేకు పన్నెండు కొట్టగానే మారుతుంది. శనివారం తేదీకి టికెట్టు తీసి, శనివారం రాత్రి భోంచేసి తీరిగ్గా స్టేషనుకు పోతే, ఆ బండి కిందటి రాత్రే వెళ్లిపోయి ఉంటుంది.

పంచాంగం మాట వచ్చింది కాబట్టి శనీశ్వరుడి టైమ్‌టేబుల్ కూడా చూద్దాం. రూటులో పన్నెండు స్టేషన్లు. ఒక్కోచోట సుమారు రెండున్నరేళ్ల హాల్టు, ముప్పై ఏళ్లకు ఒక చుట్టు. 'ఇక్కడ ఆదాయం లేదు' అని ఏ రాశినీ దాటెయ్యడు. వెనక్కి నడిచేదుంటే వక్రగతి అని ఉగాదికే అచ్చేసి చెబుతారు. ఏలినాటి శని ఏడున్నరేళ్లన్నది చిన్నపిల్లవాడికీ తెలుసు: వెనక స్టేషనులో ఉన్నప్పుడు మొదలు, మన స్టేషనులో ఆగి, ముందు స్టేషను దాటేదాకా. ఆలస్యానికి చింతిస్తున్నామన్న అనౌన్స్‌మెంటు ఉండదు, ఆలస్యమే ఉండదు కాబట్టి.

పావగడ మీదుగా వెళ్లాల్సిన రాయదుర్గం–తుమకూరు లైను 2007-08 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. 2007లో సింహంలో ప్రవేశించిన శని ఏడు రాశులు దాటుకుని 2025 మార్చి 29న మీనంలో దిగాడు. మా లైనులో బండి కల్యాణదుర్గం దాటి కదిరిదేవరపల్లి దాకా వచ్చింది. మందగమనుడని పేరు మోసింది మాత్రం పాపం ఆయన!

అన్నట్టు, తుమకూరు ఎంపీ వి. సోమన్నగారు 2024 జూన్ నుంచి రైల్వే సహాయమంత్రి. మాది తుమకూరు జిల్లాయే, ఓటు మాత్రం చిత్రదుర్గ లోక్‌సభకు. అంటే మంత్రిగారు కూడా మాకు పక్క స్టేషనులోనే ఆగారు.

ఇక ఆగడమంటే ఏమిటో కూడా నాకు అర్థం కాలేదు. పట్టికలో పేరు లేని చోట బండి ఇరవై నిమిషాలు నిలబడుతుంది, అది ఆగడం కాదట. పేరున్న చోట నిమిషమే నిలబడుతుంది, మనం మూటలు ఎత్తేలోపు కదుల్తుంది, అదీ ఆగడం. కొన్నిచోట్ల ప్రయోగాత్మక హాల్టు, ఆరు నెలలు ఆగి చూసి ఆలోచిస్తారు. కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ 2023 సెప్టెంబరు 24న మొదలైనప్పుడు అనంతపురం, ధర్మవరం హాల్టులిచ్చి హిందూపురం దాటేసింది. మావాళ్లు గట్టున నిలబడి దాని అందం చూసి వచ్చారు.

నవ్వుతున్నానుగానీ, కొవిడ్ తర్వాత ప్యాసింజరు బండ్లు నంబరు ముందు సున్నా తగిలించుకుని స్పెషళ్లయినప్పుడు నవ్వు రాలేదు. అదే పెట్టె, అదే చెక్క బల్ల, కనీస చార్జీ మాత్రం పది రూపాయల నుంచి ముప్పై. చాలా చిన్న స్టేషన్లలో ఆగడం మానేశాయి. 2024 ఫిబ్రవరిలో చార్జీ దిగింది, హాల్టులు మాత్రం అన్నిచోట్లా తిరిగి రాలేదు. వానలు లేక బెంగళూరుకు కూలికి పోయే మావాళ్లు యాప్ చూసి బయల్దేరరు. స్టేషను బయట టీ కొట్టతన్ని "అన్నా, బండి పోయిందా?" అని అడుగుతారు. బండి ఆగని చోట టీ కొట్టు మాత్రం ఎన్నాళ్లు నడుస్తుంది? వాళ్లకు హాల్టుతోపాటు ఆ ఒక్క మనిషీ పోయాడు. దీన్ని ఏ పట్టికలోనూ వెయ్యరు.

రైల్వేవారికి ఒక విన్నపం. బండి ఏ ఊళ్లో ఏ రోజు బయల్దేరిందో మీ దగ్గరే ఉంచుకోండి. మేం నిలబడిన స్టేషనుకు ఏ రోజు వస్తుందో, ఆ రోజు పేరు పూర్తిగా తెలుగులో, కన్నడలో రాయండి. అర్ధరాత్రి దాటి వచ్చే బండికి 'శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం' అని రెండు పేర్లూ వెయ్యండి. చోటు చాలదంటే ఆ టీలు, ఎస్సులు తీసెయ్యండి.