రాడ్డు ముందు కొనకండి

ఫ్లై ఫిషింగ్ మొదలుపెడదామనుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే: ఏ రాడ్డు కొనమంటారు? దుకాణాల్లో చెప్పే వరసా అదే. ముందు రాడ్డు, దానికి తగ్గ రీలు, రీలుకు పట్టే దారం, చేతిలో మిగిలిన చిల్లరతో నాలుగు గాలాలు. నేను చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు ఏరు చూడండి. తర్వాత చేపను, తర్వాత గాలాన్ని, తర్వాత దారాన్ని చూడండి. రాడ్డు సంగతి అప్పుడు. రీలు అన్నిటికన్నా ఆఖర్న. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల నీళ్లలో ఈకల గాలం వేసేవాళ్లకు ఇంతకు మించిన వరస లేదని నా గట్టి నమ్మకం. మొండి సలహా అంటారు కొందరు. అననీండి.

దుకాణంలో అమ్మే ఫ్లై సామాను చాలావరకు మన నీళ్లను చూసి చేసింది కాదు. ఏడాది పొడుగునా చల్లగా పారే కొండవాగులనూ, వాటిలో తిరిగే ట్రౌట్ చేపనూ మనసులో పెట్టుకుని చేసింది. పెన్న తీరే వేరు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే ఈ ఏరు ప్రొద్దుటూరు దగ్గర చాలా నెలలు వట్టి ఇసకే. వరదొస్తేనో, మైలవరం జలాశయం గేట్లు ఎత్తితేనో ఏరు ఏరులాగ కనిపిస్తుంది. మిగతా రోజుల్లో ఇసకలో అక్కడక్కడా మడుగులు, గట్ల వెంబడి జమ్ము. కుందూ నయం. కేసీ కాలువ ఆయకట్టు నీళ్లు కలుస్తుంటాయి కాబట్టి రాజుపాళెం వైపు నుంచి వచ్చి ఆదినిమ్మాయపల్లె ఎగువన పెన్నలో కలిసేదాకా దానిలో కొంత తడి మిగులుతుంది. పాపఘ్ని వేంపల్లె దగ్గర గండి కొండల సందున వానల తర్వాత కొన్నాళ్లు చక్కని మడుగులు కడుతుంది.

అందుకని మన వైపు ఏటి చేపల వేట అంటే సగానికి పైగా జలాశయాల వేటే. మైలవరంలో సుమారు 10 టీఎంసీలు, గండికోటలో 26.85 టీఎంసీలు, పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో 10 టీఎంసీలు పడతాయి. శ్రీశైలం నుంచి గాలేరు–నగరి కాలువలో అవుకు మీదుగా గండికోటకు వచ్చేది కృష్ణ నీరు. అక్కడి నుంచి ఎత్తిపోసి చిత్రావతి రిజర్వాయరు నింపుతారు. పులివెందులవాళ్లు చిత్రావతి గట్టున నిలబడి కృష్ణలో గాలం వేస్తున్నారన్నమాట. ఈ నీటి రాకపోకలు తెలియకుండా ఎంత మంచి రాడ్డు పట్టుకున్నా దండగే. నీళ్లు పెరిగే రోజుల్లో కొత్తగా మునిగిన తుమ్మచెట్ల మొదళ్లలోకి, గడ్డిలోకి పురుగుల కోసం చేపలు వస్తాయి. మోకాటిలోతు నీళ్లున్న ఆ అంచులే ఈకల గాలానికి అసలు చోటు. నీళ్లు తగ్గే రోజుల్లో చేపలు లోతుకు జరుగుతాయి. ఎర్రటి వరద నీళ్లలో మాత్రం అసలు వేయకండి. ఈ గాలానికి వాసన లేదు, చేప దాన్ని కంటితో చూసి పట్టాలి. మట్టి పేరుకునేదాకా ఆగాల్సిందే.

గండికోట నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు ఇళ్లున్నాయి. 2020లో ఆ ఊరు ఖాళీ చేయించారు. అక్కడ గాలం గోడకో గుంజకో తగులుకుని తెగితే చికాకుపడకండి. అది ఒకరి వాకిలి.

ఇక చేప. బొచ్చె నీటి పైపొరలో సన్న మేత తింటుంది, రోహు నడిమిలో, మృగాల్ అడుగున. ఈ మూడింటినీ ఈకల గాలంతో పట్టడం కష్టమే. రోహు అప్పుడప్పుడూ నాచు రంగు చిన్న గాలాన్ని మూతితో పీలుస్తుంది, అంతే. కొత్తవాళ్లకు నేను చెప్పేది జిలేబి చేప, పరిగె, ఆ తర్వాత కొర్రమీను. జిలేబి చేపను చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకది నచ్చదు. ఎండలో కూడా పడుతుంది, గట్టు దగ్గరే ఉంటుంది, అరచేయంత చేప కూడా తేలికపాటి రాడ్డును వంచేస్తుంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

కొర్రమీను సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. దానికి నీటిలోని గాలి చాలదు, పైకొచ్చి గుటక వేయాల్సిందే. జమ్ము అంచున కదలని నీళ్లు చూస్తూ కూర్చుంటే ఎక్కడో ఒకచోట 'బుడుక్' మంటుంది. ఒక ఉంగరమంత అల లేస్తుంది, ఆకు ఒకటి ఊగుతుంది. వెంటనే దాని నెత్తిన విసిరితే బెదిరిపోతుంది. కాసేపాగి ఆ చోటుకు మూరెడు అవతల కప్పలాంటి గాలాన్ని దించి, కదపకుండా ఉంచి, అలలు చచ్చాక ఒక్కసారి చిన్నగా ఉలికించాలి. నీళ్లు పగిలినట్టు పట్టుకుంటుంది. ఆ క్షణంలో లాగేవాళ్లే ఎక్కువ. లాగకండి. గాలాన్ని నోట్లోకి తీసుకుని తల తిప్పుకునేదాకా ఓపిక పట్టండి.

కుందూ గట్టున ఒక పెద్దాయన బొంగుకర్రతో ఇదే పని చేస్తుంటాడు. పక్కన కొత్త రాడ్డు పట్టుకుని నిలబడిన కుర్రాణ్ని చూసి, "ఏమబ్బీ, కర్ర దిక్కు చూస్తాండావు, నీళ్ల దిక్కు చూడవే?" అన్నాడు. సామాను ఎంపిక గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. ముందు నీళ్లు చూడాలన్నది కొత్త మాటేం కాదు. మంగుళూరులో కలెక్టరు పని చేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. మన మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగే. తర్వాత చెరువుల్లో చేపల వేట మీద విడిగా ఇంకో పుస్తకం రాశాడు. ఇక్కడి నీళ్లకు, ఇక్కడి చేపకు విడిగా పుస్తకం కావాలని అప్పుడే అనిపించిందంటే, మనమింకా పరాయి నీళ్ల సామాను జాబితా పట్టుకుని కొనుక్కోవడం బాగుండదు.

గాలాలు కొనకండి, కట్టుకోండి. నాటుకోడి పుంజు మెడ ఈకలు కోళ్ల అంగట్లో ఊరికే ఇస్తారు. కుట్టుదారం ఇంట్లోనే ఉంటుంది. అరిగిపోయిన హవాయి చెప్పు కోస్తే నీటి మీద తేలే కప్పకూ మిడతకూ సరిపోయే ముక్కలు బోలెడు వస్తాయి. కొనాల్సింది కొక్కెం ఒక్కటే. దాని నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పరిగెకు, జిలేబికి 10 లేదా 12, కొర్రమీనుకు 2 లేదా 1/0. కొక్కెం మొన దగ్గరి ఎదురుముల్లును కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చేయండి. చేప జారిపోతుందని భయపెడతారు. దారం బిగువు సడలకుండా చూసుకుంటే జారదు. పిల్లచేపను గాయం లేకుండా వదిలేయవచ్చు. గాలిలో తిరిగొచ్చిన గాలం మీ చెవికే గుచ్చుకుంటే ఆసుపత్రి దాకా పోకుండా బయటికి వస్తుంది.

ఇప్పుడు దారం. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మామూలు గాలం వేటలో సీసం గుండు బరువుకు దారం వెంట పోతుంది. ఈకల గాలానికి బరువు లేదు, కాబట్టి లావుపాటి దారమే బరువై దాన్ని మోసుకుపోవాలి. దారాల నంబరు వాటి మొదటి 30 అడుగుల బరువును బట్టి ఇస్తారు. 5 నంబరు దారం ఆ 30 అడుగుల మేర 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. 6 నంబరుకు 160 గ్రెయిన్లు. 8 నంబరుకు 210, అంటే పదమూడున్నర గ్రాములు. నీళ్లలో ఏముందో తెలిశాక నంబరు తెలుస్తుంది, నంబరు తెలిశాక రాడ్డు తెలుస్తుంది. ఒక్కటితో సరిపెట్టుకోవాలంటే 6. మన ఆషాఢం గాలికి 4, 5 నంబర్లు ఎదురు నిలవలేవు. కొర్రమీనే కావాలంటే 8, ఎందుకంటే చెప్పు ముక్కతో చేసిన కప్ప గాలిలో మొరాయిస్తుంది, గడ్డిలోంచి చేపను ఈడ్చాలన్నా బలం కావాలి. తేలే దారమే తీసుకోండి, అదీ వేడి నీళ్లకని చేసినదే. చల్లటి దేశాల దారం కడప ఎండకు మెత్తబడి రింగులకు అతుక్కుంటుంది. డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో ముట్టుకుంటే దారం పైపూత కరిగిపోతుంది. మందు రాసుకుంటే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే దారం పట్టండి.

దారం కొసకు, గాలానికి మధ్య కట్టే నైలాన్ దారం ఎంత లావైతే అంత మేలని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. జిలేబికి 0.18 మిల్లీమీటర్లు చాలు. కొర్రమీనుకు 0.35, అది గడ్డి కోసం. రాయికో చెట్టుకో తగులుకుంటే ముందు తెగాల్సింది ఈ నైలాన్ దారమే. అది మరీ గట్టిదైతే ఖరీదైన దారమో, రాడ్డు కొసో పోతుంది.

రాడ్డు దగ్గరికి ఇప్పుడొచ్చాం. మీరు ఎంచుకున్న దారం నంబరే రాడ్డు మీద రాసి ఉండాలి. పొడవు 9 అడుగులు. నాలుగు ముక్కలుగా విడిపోయేది తీసుకుంటే ఒక్కో ముక్క రెండుంపావు అడుగులే, బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు. దుకాణదారు అందరికన్నా బిర్రుగా ఉండే కార్బన్ రాడ్డు చూపిస్తాడు. వద్దనండి. మెత్తగా వంగే ఫైబర్‌గ్లాస్ అడగండి. దగ్గరి దూరాలకు దారం బరువు చేతికి తెలుస్తుంది, గండికోట రాళ్లకు తగిలినా అంత తొందరగా చిట్లదు, ధర కూడా తక్కువే. ఉత్త రాడ్డును దుకాణంలో ఊపి చూసి ఏమీ తెలుసుకోలేరు. దారం ఎక్కించి వీధిలోకి తెచ్చి విసరనివ్వమని అడగండి. రింగులు చూసేందుకు ఒక ఉపాయం ఉంది: దూది చిన్న ముక్క ఒక్కో రింగులో తిప్పండి. పోగు చిక్కుకుందంటే ఆ రింగు మీ దారాన్ని రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. అలాంటి రాడ్డు ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి.

డబ్బు లేదంటారా? పన్నెండడుగుల బొంగుకర్ర కొసకు అంతే పొడుగు దారం, దాని కొసకు మూరెడు సన్న నైలాన్, దానికి ఈకల గాలం కట్టండి. జపాన్ కొండవాగుల్లో తెంకారా పేరుతో రీలు లేకుండా తరతరాలుగా చేస్తున్నది ఇదే. కుందూ మడుగులకు ఇది చాలు. ఏడాదంతా దీంతోనే పట్టినా తక్కువైపోయేదేం లేదు. అందుకే రీలు ఆఖర్న అన్నాను. కిలో లోపు చేపకు రీలు పని దారాన్ని చుట్టి పెట్టుకోవడమే. తేలికైనది, ఇసక పడితే విప్పి కడగడానికి వీలున్నది ఏదైనా సరిపోతుంది.

కొన్నాక నేరుగా ఏటికి పోకండి. జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగ కోత అయిపోయాక బయలు పొలాలు దొరుకుతాయి. రైతును అడిగి అక్కడ గాలం లేకుండా, కొసకు ఎర్రదారం ముక్క కట్టి విసరడం నేర్చుకోండి. వెనక్కి వెళ్లిన దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగడం, అప్పుడు ముందుకు తేవడం. ముప్పై అడుగులు నేరుగా పడితే మన మడుగులకు చాలు. డెబ్బై అడుగులు విసరాలనే తాపత్రయం వదిలేయండి, చేప మీ కాళ్లకు దగ్గర్లోనే ఉంటుంది.

ఆ పొలంలోనూ, ఏటి గట్టునా తలెత్తి చూడడం మరవకండి. మోటార్లకు లాగిన కరెంటు తీగలు కొన్నిచోట్ల వేలాడుతూ చాలా కిందికి ఉంటాయి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. తొమ్మిదడుగుల రాడ్డు ఎత్తితే మన చెయ్యెత్తుతో కలిపి పదహారడుగులు దాటుతుంది. తీగ కనిపించిన చోట రాడ్డు ఎత్తనే వద్దు, ముక్కలు విప్పి పట్టుకుని నడవండి. మబ్బు ఉరిమితే రాడ్డు నేలన పెట్టి దూరంగా వెళ్లండి. గేట్లు ఎత్తుతున్నారని తెలిస్తే ఇసకలోని మడుగుల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి. 2021 నవంబరు వరదకు కమలాపురం దగ్గర పాపఘ్ని మీద వంతెనే కూలిపోయింది.

జలాశయాల్లో చేపల మీద బతికే కుటుంబాలున్నాయి. అక్కడికి పోయేముందు మత్స్యశాఖ కార్యాలయంలోనూ, ఆ రేవులోని మత్స్యకారుల సంఘంలోనూ అడిగి, వాళ్లు ఒప్పుకున్న చోటే వేయండి. వాళ్ల వలల జోలికి పోవద్దు. వానాకాలంలో గట్టు పక్కన నీటి పైన ఎర్రగా గుంపుగా కదిలే సన్న పిల్లలు కనిపిస్తే అవి కొర్రమీను పిల్లలు. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, దగ్గరికి వచ్చిన దేన్నైనా కరుస్తాయి. అక్కడ గాలం వేస్తే పడడం ఖాయమని నేర్పేవాళ్లున్నారు. ఆ రెండూ పోతే గుంపు మొత్తం పూటలో పరిగెల పాలూ పక్షుల పాలూ అవుతుంది. అక్కడ దారం చుట్టేసి ఇంకో మడుగుకు నడవండి.