పెటాఫ్లాప్‌ల దేశంలో మొలలోతు లెక్కలు

ముందుగా శుభవార్త. వానను లెక్కగట్టే యంత్రాలకు దేశంలో ఇక కరువు లేదు. 2024 సెప్టెంబరు 26న ప్రధానమంత్రి రెండు సూపర్‌కంప్యూటర్లను జాతికి అంకితం చేశారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు ‘అర్క’, నోయిడాలోని మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రానికి ‘అరుణిక’. ఖర్చు 850 కోట్లు. మొదటిది 11.77 పెటాఫ్లాప్‌లు, రెండోది 8.24. ఒక్క పెటాఫ్లాప్ అంటే సెకనుకు పది కోట్ల కోట్ల లెక్కలు. మన ఎక్కాల పుస్తకాలన్నీ సిగ్గుతో ముడుచుకుపోవాల్సిన సంగతి.

అంతకు పాతిక రోజుల ముందు, సెప్టెంబరు 1న, బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌లో ఇంటింటికీ వెళ్లి తనను తాను పరిచయం చేసుకుంది. నీళ్లు ఎంత వచ్చాయో కొలవడానికి అక్కడివాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఒక సాధనం ఉంది: మోకాలిలోతు, మొలలోతు, పీకలదాకా. దీనికి టెండరు పిలవక్కర్లేదు, వార్షిక నిర్వహణ ఒప్పందం అక్కర్లేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. ఆ రోజు పోయింది కూడా.

యంత్రాలను ఆడిపోసుకోను. వాటి తప్పేం లేదు, వాటిని నడిపేవాళ్ల తప్పు అంతకన్నా లేదు. 2018లో వచ్చిన పాత యంత్రం ‘ప్రత్యూష్’ పది గంటలు తీసుకున్న పనిని అర్క నాలుగు గంటల్లో తేలుస్తోందట. ఆ బలంతోనే 2025 మేలో 6 కిలోమీటర్ల గడితో ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ వచ్చింది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. మోడల్ చేసే పనల్లా భూగోళాన్ని గళ్లుగళ్లుగా కోసి ఒక్కో గడికి ఒక గాలి, ఒక తేమ, ఒక వాన పంచిపెట్టడం. గడి వెడల్పు సగం చేస్తే పని ఎనిమిదింతలవుతుంది. నిడివిలో రెట్టింపు, అడ్డంలో రెట్టింపు, పైగా కాలాన్ని కూడా సగం సగం అడుగులు వేయించాలి. ఇదంతా నిజమైన విజయమే, చప్పట్లు కొట్టాల్సిందే.

కొట్టాక కాస్త లెక్క చూద్దాం. బెజవాడ నగరం అరవై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పాత లెక్కలో ఊరంతా కలిపి అర గడి కూడా కాదు. కొత్త లెక్కలో దాదాపు రెండు గళ్లు. బెంజిసర్కిల్, బీసెంట్ రోడ్డు, కొండమీద దుర్గమ్మ, కొండకింద మనం, అందరం ఆ రెండు గళ్లలో సర్దుకోవాలి. బుడమేరుకు అందులో చోటు లేదు. పడిన వాన ఏ వాగులో ఎంత పారుతుందో, ఏ గండి దగ్గర ఎటు మళ్లుతుందో చెప్పేది వేరే మోడల్. దానికి వాగు మట్టాలు, కాలువ కొలతలు, కట్టల ఎత్తులు గంటగంటకూ అందాలి. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు మోసిందని అంకెతో సహా చెప్పగలిగాం. బుడమేరు ఎంత మోసిందంటే మాత్రం మైకు పట్టుకున్నవాడికల్లా ఒక అంకె ఉంది.

యంత్రమైనా, లెక్కయినా పంచుకోవడానికి షరతులు పెట్టడం పాత కథే. 1980ల చివర్లో అమెరికా మనకు క్రే సూపర్‌కంప్యూటర్ అమ్ముతూ, వాతావరణానికి తప్ప మరో పనికి దాన్ని ముట్టరాదని షరతు పెట్టింది. ఆ కసిలోంచే 1988లో సొంత సూపర్‌కంప్యూటర్ల కోసం సీడాక్ సంస్థ పుట్టింది, 1991లో ‘పరమ్ 8000’ వచ్చింది. ఇప్పుడు ఎవరూ వచ్చి మనకు షరతులు పెట్టనక్కర్లేదు. ఆ పని మనమే చేసుకుంటున్నాం. గంగలో ఎంత నీరు పారుతోందన్న లెక్క రహస్యం. గంగకు తెలుసు, గట్టున బట్టలుతుకుతున్నవాడికి తెలుసు, పరిశోధన చేసేవాడికి తెలియాలంటే మాత్రం అనుమతి కావాలి.

కృష్ణ లెక్క రహస్యం కాదు. అందుకే తగాదా. ఏ కాలువలోకి ఎవరు ఎంత మళ్లించారో తేల్చడానికి కృష్ణా నదీ యాజమాన్య బోర్డు దూరం నుంచే లెక్క చెప్పే టెలిమెట్రీ మీటర్లు తలపెట్టింది. మొదటి దశ మీటర్లు ఎలాగో వచ్చాయి. రెండో దశ మీటర్లు ఏళ్ల తరబడి సమావేశాల మినిట్స్‌లో మాత్రమే పనిచేశాయి. ఎక్కడ పెట్టాలి, డబ్బెవరిది, ముందు ఎవరి కాలువ? మీటరు పెడితే లెక్క తేలుతుంది, లెక్క తేలితే తగువు తేలుతుంది, తగువు తేలితే రేపటి ప్రెస్‌మీట్‌లో ఏం మాట్లాడాలి? ప్రత్యూష్ ప్రారంభం కాకముందు మొదలైన ఈ చర్చ, దాన్ని వెనక్కి నెట్టి అర్క వచ్చాక కూడా, 2025లోనూ ఎజెండాలోనే ఉంది. కాగితం మన్నిక అలాంటిది.

కొలవడానికి డబ్బు లేదు గానీ చూడటానికి ఉంది. వెలగపూడి సచివాలయంలో 2017లో రియల్‌టైమ్ గవర్నెన్స్ వాళ్లు గోడంత తెర పెట్టారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022లో కమాండ్ కంట్రోల్ సెంటర్ పేరుతో ఏకంగా టవర్లే కట్టారు. ఒక భాష, ఒక నది, ఒకే అల్పపీడనం, రెండు గోడలు. వాటి ముందు నిలబడి ఫొటో దిగినవాళ్లలో ఎర్ర రంగుకు అర్థం అడిగినవాళ్లు ఎందరో! ఆ గోడకెక్కే వాన అంచనా కోసం శాస్త్రవేత్త ఒకే మోడల్‌ను ఆరంభ స్థితులు కాస్త కాస్త మార్చి 21 సార్లు నడుపుతాడు. 21 జవాబులొస్తాయి. వాటిలో ఎన్ని కలిశాయి, ఎన్ని విడిపోయాయి అన్నదే అసలు సమాచారం. గోడ ముందు కూర్చున్న పెద్దమనిషికి అంత ఓపిక ఉండదు. ‘‘అవన్నీ వద్దయ్యా, పడుతుందా పడదా?’’ అంటాడు. దాంతో ఇరవై తీసేసి, బాగా కనబడేది ఒకటి గోడకెక్కిస్తారు.

ఇక ఉమ్మడి వనరుల అసలు లబ్ధిదారు, పరిశోధక విద్యార్థి. 2015లో 4,500 కోట్లతో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మంజూరైంది. దాని పుణ్యమా అని ఐఐటీ హైదరాబాద్‌కు కూడా ‘పరమ్ సేవ’ దక్కింది. ఎక్కడో జిల్లా విశ్వవిద్యాలయంలో కూర్చున్న కుర్రాడు ఇలాంటి యంత్రం మీద పనిచేయాలంటే దరఖాస్తు, గైడ్ సంతకం, అకౌంటు, కోటా, ఆపైన క్యూ. ‘‘జాబ్ ఏమైందిరా?’’ అని ఇంట్లో అమ్మ అడిగితే ‘‘క్యూలో ఉందమ్మా’’ అని రెండర్థాల్లోనూ నిజం చెప్పగలడు. జాబ్ ఎట్టకేలకు నడిచి ఫలితాలు కుప్పగా పడ్డాక వాటిని హాస్టల్ వైఫై మీద దించుకోవడం మరో పీహెచ్‌డీ. అలా దించే పని లేకుండా ఫలితం ఉన్నచోటే బొమ్మ గీసి చూపించే ఏర్పాటునే ప్రపంచంలో రిమోట్ విజువలైజేషన్ అంటారు. మన దగ్గర గోడలు విద్యార్థులవి కావు.

అమెరికావాళ్లూ ఏమీ తక్కువ తినలేదు. వాళ్ల జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం విశ్వవిద్యాలయాలన్నింటికీ ఉమ్మడిగా పనికొచ్చే యంత్రశాలను, వెతికి వెతికి, బొగ్గుకు పేరుపడ్డ వయోమింగ్‌లో కట్టింది. అక్కడి ‘షయెన్’ 5.34 పెటాఫ్లాప్‌లది, మన ప్రత్యూష్‌కన్నా పెద్దది. ఏడేళ్లకే ముసలిదై, శీతలీకరణ గొట్టాల దగ్గర నీళ్లు కారుతూ, 2024లో వేలంలో 4,80,085 డాలర్లకు పోయింది.  అయితే దాని మీద లెక్కించిన ఫలితాలు, రాసిన కోడ్ వేలానికి పోలేదు. అక్కడి వాతావరణ మోడల్ ‘వర్ఫ్’ను మన పిల్లలూ ఉచితంగా దించుకుని వాడుకుంటున్నారు.

మన అర్కకూ అలాంటి రోజు వస్తుంది. కొత్తది కొంటాం. పేరుకు వెతుక్కోనక్కర్లేదు. ఆదిత్య, భాస్కర, ప్రత్యూష్, మిహిర్, అర్క, అరుణిక అని వాన యంత్రాలకు వరసగా సూర్యుడిని తలపించే పేర్లే పెట్టుకొచ్చాం. దివాకరుడు, మార్తాండుడు ఇంకా ఖాళీగానే ఉన్నారు. గోడలు కూడా పాతబడతాయి, ఇంకా పెద్ద గోడకు టెండరు పడుతుంది. ఆ కాగితాలు తయారుచేసే గుమాస్తాగారికి ఒక విన్నపం. చివరి పేజీలో, రిమోట్ కంట్రోల్, బ్యాటరీలు, గోడకు కొట్టే మేకులు అని ఉంటుంది కదా, వాటి కింద ‘రెండో దశ టెలిమెట్రీ మీటర్లు, వాగులకు మట్టం కొలిచే సెన్సార్లు’ అని చిన్న అక్షరాల్లో చేర్చండి. అంతదాకా ఎవరూ చదవరు. మంజూరైపోతుంది.