సంతకం

1886 జనవరిలో లండన్‌లో ఒక షిల్లింగు వెలకి ఓ చిన్న నవల వచ్చింది. రాసింది రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్‌ల కథ అది. ఆరు నెలల్లో బ్రిటన్‌లో సుమారు 40,000 ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇవాళ ఆ పేర్లు వినగానే గుట్టు తెలిసిపోతుంది. ఆనాటి పాఠకులకు ఆ వీలు లేదు. నలుగురిలో పేరున్న డాక్టరు జెకిల్, తాను చనిపోయినా, కనిపించకుండా పోయినా ఆస్తంతా క్రూరుడైన హైడ్‌కే చెందాలని వీలునామా ఎందుకు రాశాడు? ఏ రహస్యం పట్టుకుని హైడ్ ఆయన్ని బెదిరిస్తున్నాడు? ఈ అనుమానాలతోనే పుస్తకం చివరికంటా చదవాలి. అక్కడగానీ ఆ ఇద్దరూ ఒక్కరేనని తేలదు. హైడ్ చేసిన హత్యకన్నా, పెద్దమనిషి జెకిల్ తానే కోరి హైడ్ అయ్యాడన్న నిజం పాఠకుణ్ణి ఎక్కువ వణికిస్తుంది.

1888 ఆగస్టులో ఆ కథ నాటకమై లండన్ లైసియం థియేటర్‌కి వచ్చింది. రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే నటుడు రెండు పాత్రలూ తానే వేశాడు. ఒళ్లు వంచి, గొంతు మార్చి, ప్రేక్షకుల కళ్లెదుటే ఒక మనిషి నుంచి ఇంకో మనిషిగా మారిపోయేవాడు. చూసినవాళ్లు హడలిపోయారు.

ఆ నెలాఖరునే లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల్లో ఆడవాళ్ల హత్యలు మొదలయ్యాయి. ‘జాక్ ది రిప్పర్’ అని పేరుపడ్డ హంతకుడి భయంతో ఊరంతా గడగడలాడింది. వాడు మాత్రం దొరకలేదు.

అక్టోబరు 5 తేదీతో సిటీ ఆఫ్ లండన్ పోలీసులకు ఓ ఉత్తరం అందింది. రాసింది ఆ నాటకం చూసినవాళ్లే. క్షణంలో అంతలా మారిపోగలిగినవాడు లోకంలో ఇంకెవడూ ఉండడని, మీరు వెతుకుతున్న మనిషి మాన్స్‌ఫీల్డేనని అందులోని అనుమానం. ఆధారం అంటూ ఒక్కటీ లేదు. బాగా నటించడమే ఆయన చేసిన నేరం.

పైకి మర్యాదగా కనిపించే ప్రతి మనిషీ ఒకసారి తన లోపలికి చూసుకోవాలన్నది స్టీవెన్సన్ కథ. ఆ ఉత్తరం రాసిన చేయి వేలెత్తి పక్కవాణ్ణి చూపించింది.

రెండు ముఖాలున్నాయని ఓ మనిషిని పోలీసులకు పట్టించబోయిన ఆ ఉత్తరం కింద పేరు లేదు. ‘ఎం. పి.’ అని రెండు పొడి అక్షరాలున్నాయి, అంతే.