మొక్కలకు కాపలా

పోనీలెండి, భద్రతా మండలి ఇన్నాళ్లకు మనసు గట్టి చేసుకుంది. దక్షిణ లెబనాన్‌లోని ఐరాస శాంతి దళం యునిఫిల్‌కు ఇదే ఆఖరి పొడిగింపట. 2026 డిసెంబరు 31తో సరి, ఆపైన ఏడాదిలోగా మూటాముల్లె సర్దుకోవాలి. 1978లో ఆరు నెలల కోసమని పంపిన దళం మరి! 2006లో ఇజ్రాయెల్, హిజ్బుల్లాల యుద్ధం తర్వాతైతే నోము పట్టినట్టు ఏటా ఆగస్టులో పొడిగిస్తూనే వచ్చారు.

ఇన్నేళ్లూ అక్కడేం చేశారని ఇప్పుడు పెద్దలు నిలదీస్తున్నారు. చూశారండీ. చూసి, రాశారు. మీరు అప్పజెప్పిన పని అదేగా?

ఆ మొక్కల భాగోతమే తీసుకోండి. లెబనాన్, ఇజ్రాయెల్‌ల నడుమ ఐరాస గీసిన బ్లూ లైన్ పొడుగునా ‘గ్రీన్ వితౌట్ బోర్డర్స్’ అని ఓ పర్యావరణ సంస్థ వెలిసింది. మొక్కలు నాటుతుందట. నాటుకోనీండి, మంచిదే. అయితే సరిగ్గా సరిహద్దు వెంబడే వరసగా కంటెయినర్లెందుకు? కావలి గోపురాలెందుకు? ఆ సంస్థ వెనకున్న హిజ్బుల్లాకు మొక్కల మీద అంత మమకారం ఎప్పటినుంచి?

లోపలికెళ్లి చూద్దామని శాంతి సైనికులు బయల్దేరితే ‘ప్రైవేటు స్థలం’ అన్నారు. ఇంకోచోట ఊరివాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు. సైనికులు వెనక్కొచ్చి నివేదిక రాశారు. న్యూయార్క్‌లో మండలివాళ్లు దాన్ని చదివి ఆందోళన వ్యక్తం చేశారు. మరుసటి నివేదికకల్లా ఇంకొన్ని కంటెయినర్లు. మళ్లీ ఆందోళన. 2023లో అమెరికా ఆ సంస్థ మీద ఆంక్షలు పెట్టింది. మొక్కలు భయపడ్డాయో లేదో తెలీదు.

అటువైపు ఇజ్రాయెల్ విమానాలు లెబనాన్ ఆకాశంలో యథేచ్ఛగా తిరుగుతుంటే, వాటినీ లెక్కపెట్టి రాశారు.

రాసేవాళ్లు చేతకానివాళ్లా? 2024 అక్టోబరులో నఖూరాలోని యునిఫిల్ ప్రధాన కార్యాలయం కావలి గోపురం మీద ఇజ్రాయెల్ ట్యాంకు కాల్చింది. ఇద్దరు ఇండోనేషియా సైనికులు గాయపడ్డారు. ఇన్నేళ్లలో మూడొందల మందికి పైగా శాంతి సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన భారత బెటాలియన్ కూడా అక్కడ పనిచేసింది. ఎవరో కన్న పిల్లల్ని రెండు తుపాకుల మధ్య నిలబెట్టి, కదలొద్దని కట్టడి చేసి, ఇప్పుడు కదల్లేదని తిడతారా? సిగ్గుండాలి. వీటో చేతిలో ఉన్న అమెరికాకు ఇది దండగ ఖర్చుగా కనబడుతోంది!

ఇకమీదట అంతా లెబనాన్ సైన్యమే చూసుకుంటుందట. 2020లో డబ్బుల్లేక సైనికుల భోజనంలో మాంసం మానేసిన సైన్యమది. హిజ్బుల్లా ఆయుధాలు అదే లాక్కోవాలి, 2025లో ఇజ్రాయెల్ వదలని అయిదు స్థావరాలూ అదే ఖాళీ చేయించుకోవాలి. వాటిని విడిచి వెళ్లమని తీర్మానంలో ఇజ్రాయెల్‌ను కోరారు లెండి. గడువు మాత్రం పెట్టలేదు. గడువు పెట్టింది కాపలావాళ్లకే.