బ్యాకప్పు మీద ఒక గృహస్థు అర్జీ

ఆటోనగర్‌లో లేతు షెడ్డు, గాజువాకలో ఇల్లు, ఇంట్లో ఒక కంప్యూటరు కలిగి, ఉన్నంతలో గుట్టుగా బతుకుతున్న గృహస్థుడనైన నేను యావన్మందికీ చేసుకునే మనవి ఏమనగా: మా ఇంట్లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అనబడే పెద్దమనిషి ఒకాయన తిష్ఠ వేశాడు. తిండి అడగడు, మంచం అడగడు. పాస్‌వర్డు అడుగుతాడు.

తెచ్చిపెట్టింది మా అబ్బాయి. ఊరికే తేలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడ్డప్పుడు షెడ్డు రేకులు లేచిపోయి, బిల్లు బుక్కులూ చలాన్లూ నాని ముద్దయ్యాయి. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ విశాఖతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకే సోకింది. ఫైళ్లకు తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు కట్టమనడం దాని పద్ధతి. "లెక్కలకి ఇంకో కాపీ ఉండాలి నాన్నా, అదీ ఊరవతల" అన్నాడు వాడు. సరే అన్నాను. ఊరవతల కాపీని పరాయివాడు చదవకూడదు, కాబట్టి ఎన్‌క్రిప్షన్ అన్నాడు. దానికీ సరే అన్నాను. వ్యాజ్యం అక్కడ మొదలైంది.

పాస్‌వర్డు పెట్టగానే ఆ పెద్దమనిషి హెచ్చరించాడు: ఇది మరిచిపోతే నీ లెక్కలు నీకు దక్కవు, మేమూ ఏం చెయ్యలేం అని. ఏటీఎం పిన్ మరిచిపోతే బ్యాంకువాళ్లు ఇంకోటి ఇస్తారు కదా అంటే, ఇక్కడ అలాంటి బ్యాంకువాడే లేడట. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఒక పెద్ద కీ పుట్టించుకుని, లెక్కలన్నిటినీ దానితో మూస్తుంది. మన పాస్‌వర్డు నుంచి ఇంకో కీ తయారుచేసి, ఆ పెద్ద కీని దీనితో మూస్తుంది. ఈ రెండో కీ తయారీని కావాలనే నత్తనడకన సాగిస్తుంది. ఎస్‌క్రిప్ట్, ఆర్గాన్‌2 అని ఆ పద్ధతుల పేర్లు. దొంగ లక్ష పాస్‌వర్డులు వేసి చూడాలంటే లక్షసార్లూ అంత ఆలస్యం, అంత మెమొరీ ఖర్చు భరించాలి. ఇది మాత్రం నాకు నచ్చింది. పాస్‌వర్డు మార్చినా పాత కాపీలన్నీ తిరగరాయక్కర్లేదు, పెద్ద కీని కొత్తగా మూస్తే చాలు. అయితే పాత పాస్‌వర్డూ, దానితో మూసిన పాత కీ ఫైలూ ముందే ఎవడి చేతిలోనో పడి ఉంటే, మార్చి ప్రయోజనం లేదు. ఈ ముక్క మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

అసలు అభియోగం ఇప్పుడు వినండి. బ్యాకప్పు రాత్రి రెండింటికి నడవాలట. ఆ వేళప్పుడు లేచి పాస్‌వర్డు కొట్టేదెవరు? అందుకని మా అబ్బాయి దాన్ని ఒక స్క్రిప్టు ఫైల్లో అక్షరం పొల్లుపోకుండా రాసి, డెస్క్‌టాప్ మీద పెట్టాడు. ఇంటికి తాళం వేసి చెవిని గొళ్లేనికే వేలాడదీసినట్టు. ఇదేమిట్రా అంటే "చాలామంది ఇంతే నాన్నా" అన్నాడు.

కీ దగ్గరే కొంప మునుగుతుందనడానికి పెద్దింటి దృష్టాంతం ఉంది. పాస్‌వర్డులు దాచిపెట్టడమే వ్యాపారమైన లాస్ట్‌పాస్ నుంచి 2022లో ఖాతాదారుల ఖజానాల బ్యాకప్పే పోయింది. ఆ నిల్వను తెరిచే కీలు నలుగురు ఇంజనీర్లకే అందుబాటులో ఉండేవి. దొంగ వాళ్లలో ఒకరి ఇంటి కంప్యూటర్లోకి దూరి, ఆయన కొట్టే మీటలు కనిపెట్టి పని కానిచ్చుకున్నాడు. ఆఫీసుకు ఎన్ని కాపలాలున్నా ఏం లాభం? ఇక ఖాతాదారుడికి మిగిలిన రక్ష తన మాస్టర్ పాస్‌వర్డు ఎంత గట్టిదైతే అంత.

నేను అరిచాక పాస్‌వర్డు విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి మారింది. పైపైన చూసేవాడికి కనబడదు, అంతవరకు మేలే. కానీ నా లాగిన్‌లోనే దూరిన వైరస్ వచ్చి అడిగితే నేనే అడిగాననుకుని ఇచ్చేస్తుందట! అందుకని మా అబ్బాయి అవతలి సర్వరులో ఈ కంప్యూటరుకు కొత్తది చేర్చే హక్కే ఇచ్చి, పాతది చెరిపే హక్కు తీసేశాడు. ఇదొక్కటే వాడు చేసిన వాటిలో ఇంజనీరింగ్ అనదగ్గ పని.

ఇక మనుషుల సంగతి. మా ఆవిడ పాస్‌వర్డును కాగితం మీద రాసి దాచమంది. అబ్బాయి గుండె పట్టుకున్నాడు. నేను ఆవిడ పక్షం. బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రాంలో కీని కాగితం మీద అచ్చువేసుకునే ఏర్పాటు దాన్ని రాసినవాళ్లే పెట్టారు. వాట్సాప్ 2021లో బ్యాకప్పుకు ఇవ్వడం మొదలుపెట్టిన కీ అయితే అంకెలూ అక్షరాలూ కలిసి 64; కంఠతా పట్టే మొనగాడుంటే మా షెడ్డుకు పంపండి, స్టోర్సు అప్పగిస్తాను. ఇంటర్నెట్‌లో వచ్చే దొంగ మా బీరువాలో పట్టుచీర మడత విప్పలేడు. బీరువా విప్పే దొంగకు మా జీఎస్టీ లెక్కలతో పని లేదు. ఒక కాగితం అక్కడ, రెండోది బ్యాంకు లాకర్లో పెట్టాం.

షెడ్డులో మేస్త్రీ అంతా విని, "అంత దాసేసినారు గదా బాబూ, మళ్లీ తీస్తే వస్తాదేటి?" అన్నాడు. ఈ ప్రశ్న సాఫ్ట్‌వేర్ అడగలేదు, మా అబ్బాయీ అడగలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో అప్పుడప్పుడు ఒక పాత ఇన్‌వాయిస్‌ను బ్యాకప్పులోంచి బయటికి తీసి చూడటం జరుగుతోంది. మా ఆవిడ కాగితం చదువుతుంది, "ఇది సున్నానా, ఓ నా?" అంటుంది, అబ్బాయి కొడతాడు.

కావున నేను కోరే ఉపశమనం చాలా చిన్నది. లెక్కలు నావి, కరెంటు బిల్లు నాది. ఆ కాగితం తీసినప్పుడల్లా ఇద్దరూ కలిసి నన్ను అటు తిరగమనడం మాత్రం ఆపించాలి.