స్పీడ్ బోటుకి ట్రిమ్ ట్యాబులు బిగించేవారికి పది సలహాలు

విజయవాడలో స్పీడ్ బోటు కొన్న మనిషి రెండో నెలలో తప్పకుండా ఒక మాట అంటాడు: "ముక్కు మరీ పైకి లేస్తోందయ్యా, ముందు ఏమీ కనపడట్లేదు." ఆ మాట చెవిన పడగానే చేతిలో పని వదిలేసి లేచి నిలబడండి. మీకు పండగొచ్చింది. ఆయనకి ట్రిమ్ ట్యాబులు కావాలి. పడవ వెనక పలకకి, అడుగు అంచున, అటొకటి ఇటొకటి మడతబందుల మీద వేలాడే రెండు స్టీలు రేకులవి. మీట నొక్కితే రేకు కిందికి వంగుతుంది. పరుగెత్తే నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. పడవ వెనక లేస్తుంది, ముక్కు దిగుతుంది. యంత్రమంతా ఇంతే. సరిగ్గా బిగించి, సరిగ్గా పరీక్షించాలంటే రెండు రోజులు పోతాయి. మనం మధ్యాహ్నం భోజనం వేళకి ముగించేద్దాం. ఈ వృత్తిలో మన మర్యాద నిలబడాలని, నడుం నొప్పి లేకుండా నాలుగు డబ్బులు కనపడాలని మనసారా కోరుకుంటూ చెబుతున్నాను. వరస తప్పకుండా పాటించండి.

1. ముందు పేరు తెచ్చుకోండి. పని తర్వాతైనా వస్తుంది, రాకపోయినా నష్టం లేదు. 2018 నవంబరు 16 నుంచి 18 దాకా మన కృష్ణలో ఫార్ములా వన్ పవర్ బోటు పందేలు జరిగాయి. ఆ మూడు రోజులూ మీరు ఎక్కడున్నా సరే, "రేసు బోట్ల దగ్గర చేశానండీ" అని చెప్పండి. ఘాటు మెట్ల మీద కూర్చుని మరమరాలు తింటూ చూసినా చేసినట్టే లెక్క. ఒక్క సంగతి మాత్రం నోరు జారకండి: ఆ పడవలకి ట్రిమ్ ట్యాబులే ఉండవు. అవి రెండు పొట్టల నడుమ గాలి పట్టి తేలే టన్నెల్ బోట్లు. ఇంజను 400 హార్స్‌పవర్. నడిపేవాడు ఆ ఇంజనునే పైకీ కిందికీ వంచి ముక్కు సర్దుకుంటాడు. ఓనరుగారికి ఇది తెలిసిందంటే మీరు చూపించిన అనుభవం అక్కడితో సరి.

2. కొలతలు కంటితోనే తీయండి. తయారీవాళ్ళ పుస్తకంలో ఒక లెక్క ఉంటుంది. పడవ ఎన్ని అడుగుల పొడవుంటే ఒక్కో వైపు రేకు అన్ని అంగుళాల వెడల్పు ఉండాలంటారు. 24 అడుగుల పడవకి అటు 24 అంగుళాలు, ఇటు 24 అంగుళాలు. మీరు టేపు ఇంట్లోనే వదిలేసి ఆటోనగర్ వెళ్ళండి. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక కోసేసిన రేకు ముక్కలు గుట్టగా పడి ఉంటాయి. స్టెయిన్‌లెస్ అడక్కండి, మామూలు ఇనపరేకు ఏరుకోండి. ఒకటి 18 అంగుళాలది, ఒకటి 14 దొరికిందా? సంతోషం. పెద్దది ఓనరుగారు కూర్చునే వైపు వేసి, ఆయన బరువుకి లెక్కగట్టి వేశామనండి. వెండి రంగు రెండు పూతలు కొట్టండి. బిల్లులో "ఇంపోర్టెడ్ జత" అని రాయండి.

3. చేయి అందిన చోట బిగించండి. ట్యాబు బయటి అంచు పడవ పక్క అంచుకి మూడు నాలుగు అంగుళాలు లోపలికి ఉండాలని, బందు అడుగు కంటే సుమారు అరంగుళం పైన ఉండాలని, దానికి సూటి చెక్క ఆనించి పెన్సిలుతో గీత గీయాలని పుస్తకం చెబుతుంది. బందు కిందికి దిగితే అది రోజంతా నీళ్ళకి అడ్డంపడి వేగాన్ని తినేస్తుంది. నిజమే. కానీ తగ్గే వేగం ఓనరుగారిది, వంగే నడుం మనది. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చోండి. భుజం లేపకుండా డ్రిల్లు ఎక్కడ ఆనితే అదే చోటు. ఎడమ వైపు ట్రెయిలరు చక్రం అడ్డొస్తే రెండంగుళాలు పైకి జరపండి.

4. రంధ్రాలు వేసేటప్పుడు మౌనం పాటించండి. ముందు తెల్లటి పొడి రాలుతుంది, అది పైపూత. తర్వాత డ్రిల్లు గరగరమంటూ ఫైబర్‌లోకి దిగుతుంది. ఇంకాస్త నొక్కితే చప్పుడు మెత్తబడుతుంది, లోపలి చెక్క తగిలిందన్నమాట. పొడిపొడిగా, లేత రంగు పొట్టు వస్తే చెక్క బాగుంది. తడిగా, నల్లగా, నాని నాని చివికిన వాసనతో ముద్దలు వస్తే ఎప్పుడో పాడైంది. ఆ ముద్దని బొటనవేలితో నలిపి, ప్యాంటుకి తుడుచుకుని, ఈల వేయండి. పక్కనున్న కుర్రాడు "అన్నా, తడిగా ఉందేంటి" అంటే టీకి పంపండి. రంధ్రం నిండా మెరైన్ సీలెంటు పట్టించి స్క్రూ బిగించాలంటారు. దాని ఖరీదు చూశాక ఎవరికైనా మనసు మారుతుంది. స్క్రూకి పట్టు దొరక్కపోతే రెండు అగ్గిపుల్లలు దోపి సుత్తితో కొట్టండి. పైన ఎం-సీల్ ముద్ద పెట్టి తడి వేలితో నున్నగా రుద్దండి. ఓనరు చూసేది నునుపే.

5. తీగల గురించి ఆలోచించకండి. మీటల మీద "ముక్కు కిందికి" అని రాసి ఉంటుంది. ఎడమ మీట నొక్కితే కుడి ట్యాబు దిగాలి. కుడి వెనక లేస్తేనే ఎడమ ముక్కు దిగుతుంది మరి. ఇది తలకెక్కించుకుంటే తలనొప్పి వస్తుంది. ఏ తీగ చేతికి వస్తే దానికి కలిపేయండి. మీటలు తిరగబడ్డాయని తర్వాత తెలిస్తే "కొత్త మోడల్ సార్, రివర్స్ కంట్రోల్" అని ఓనరుగారికే నేర్పండి. మనిషి వారంలో అలవాటు పడతాడు, తీగలు మళ్ళీ విప్పాలంటే పూట పడుతుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టండి, ఇక ఎప్పటికీ పోదు. అతుకులు పడవ అడుగున నీళ్ళు నిలిచే మూలకి జారవిడవండి. అక్కడికి వంగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

6. జింకుని కాపాడండి. ప్రకాశం బ్యారేజీ ఎగువన మంచినీళ్ళు. హంసలదీవి, మచిలీపట్నం వైపు వెళ్తే ఉప్పునీళ్ళు. అక్కడ తిరిగే పడవ ట్యాబుకి జింకు ముక్క బిగిస్తారు. ట్యాబుని తినాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది. మీరు బిల్లులో రాయండి, బిగించకండి. ఓనరుగారు పట్టుపడితే బిగించి, దానికి కూడా వెండి రంగు కొట్టండి. రంగు కింద జింకు పని చేయదు, కాబట్టి అరగదు. ఏడాది తర్వాత "చూశారా, పెట్టింది పెట్టినట్టే ఉంది" అని గర్వంగా చూపించొచ్చు.

7. పరీక్ష పుస్తకం ముందే నింపండి. రెండు ట్యాబులూ పూర్తిగా పైకెత్తి ఒక పరుగు, తర్వాత కొద్దికొద్దిగా దించుతూ ఒక్కో పరుగు, ప్రతిసారీ ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం రాయాలి. ఎగువకి ఒకసారి, దిగువకి ఒకసారి వెళ్ళి సగటు తీయాలి. ఇదంతా టీ కొట్టులో అయిపోయే పని. నీలం పెన్నుతో నాలుగు వరసలు, నల్ల పెన్నుతో మూడు, మళ్ళీ నీలంతో మూడు రాయండి. మూడు రోజులు కష్టపడ్డట్టు ఉంటుంది. ఒక అంకె కొట్టేసి పక్కన దిద్దండి. కొట్టివేత ఉన్న పేజీని ఎవరూ అనుమానించరు. మూలన ఒక చుక్క ఇంజనాయిలు వేయండి.

8. పరీక్షకి సందడి వేళ చూసుకోండి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ దించి ఉంటే ఎగువన కృష్ణ చెరువులా నిలిచి ఉంటుంది. తెల్లవారి గాలి లేవకముందు ఆ నీళ్ళ మీద పడవ చేసే ప్రతి తప్పూ కనపడిపోతుంది. అందుకే ఆ వేళకి వెళ్ళకండి. ఆదివారం సాయంత్రం, భవానీ ద్వీపానికి టూరిస్టు బోట్లు తిరిగేటప్పుడు వెళ్ళండి. అలలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి, ఏ కుదుపు ఎవరిదో తేలదు. ఓనరుగారి బావమరదుల్ని నలుగురిని, బిర్యానీ డేక్షాని ఎక్కించండి. ప్రవాహం ఉంటే దిగువకి ఒక్క పరుగే తీయించండి, నది వేగం కూడా మన ట్యాబుల ఖాతాలో పడుతుంది. పూర్తి వేగంలో ఉండగా రెండు ట్యాబులూ అడుగుదాకా నొక్కించండి. ముక్కు నీళ్ళలో గుచ్చుకుని పడవ ఒక పక్కకి విసురుగా లాగుతుంది. "పట్టు చూశారా సార్" అనండి.

9. జేబులో స్క్రూలు లేకపోయినా సాకు లేకుండా ఘాటుకి వెళ్ళకండి. పడవ ఒరిగితే: "బావగారు ఆ వైపు కూర్చున్నారు." ముక్కు లేస్తూ పడుతూ కప్పలా గంతులేస్తే: "స్పోర్ట్ మోడ్ సార్." ట్యాబు కాస్త దించితే ఆ గంతులు ఆగుతాయి, ఆగితే మళ్ళీ మనల్ని పిలిచేదెవరు? వేగం తగ్గితే: "పెట్రోలు కల్తీ." లోపలికి నీళ్ళొస్తే: "గుర్రపుడెక్క పట్టేసింది." గిర్రున తిరిగితే: "ఇసుక తవ్విన గొయ్యి, అక్కడ సుడి ఉందండీ." ఇవేవీ పారకపోతే 2024 సెప్టెంబరు వరదని బయటికి తీయండి. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర కాంక్రీటు కౌంటర్ వెయిట్లనే దెబ్బతీశాయి. "కాంక్రీటే ఆగలేదు, మన స్క్రూ ఎంతండీ?" అనండి. ఓనరుగారు తల ఊపుతారు. పడవ కొన్నది 2025లో అయినా ఊపుతారు.

10. మీరు బిగించిన పడవ మీరు ఎక్కకండి. "ఒడ్డు నుంచి చూస్తేనే కోణం తెలుస్తుంది సార్" అనండి. లైఫ్ జాకెట్లు సీట్ల మీద మెత్తగా పరవండి. నడిపేవాడు పడిపోతే ఇంజను ఆపే కిల్ స్విచ్ తాడుని అతని చేతికి కట్టకండి, ఫోటోల్లో బాగుండదు. పున్నమి ఘాటు మెట్ల మీద టీ గ్లాసుతో నిలబడండి. పడవ బయల్దేరుతుంది. కాస్త ఒరుగుతుంది. ఓనరుగారు మీట నొక్కుతారు, ఇంకాస్త ఒరుగుతుంది. ఆయన ఇంకా గట్టిగా నొక్కుతారు. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు ఆగిపోతుంది, ఇసుక దిబ్బ మీద పడవ అడుగు ఎండకి మెరుస్తూ కనపడుతుంది. కేకలు వినపడతాయి. ఐదు గొంతులూ లెక్కకి వస్తే మిగిలిన టీ తాగేయండి. రేపు ఆ పడవ ట్రెయిలరు మీద మీ షెడ్డుకే వస్తుంది. దాని సంగతి మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు కదా. పాత రంధ్రాల్లో ఎం-సీల్ కూరి, రెండంగుళాలు పక్కన కొత్తవి వేయండి. చెక్క ఈసారి ఇంకా మెత్తగా ఉంటుంది. డ్రిల్లు దానంతటదే దిగుతుంది.